కొనగలిగేదేది, కొనలేనిదేది: నౌకాదళ రాడార్, వైర్‌లెస్, ఎలక్ట్రానిక్ యుద్ధ విద్యపై ఒక సమీక్ష

2021 నవంబరు 21న ముంబైలో నౌకాదళంలో చేరిన ఐఎన్‌ఎస్ విశాఖపట్నం మీద రెండు దేశాల పనితనం పక్కపక్కనే కనిపిస్తుంది. మాస్ట్‌కు నాలుగు దిక్కులా పలకలుగా అమర్చిన ప్రధాన రాడార్ ఎంఎఫ్-స్టార్ ఇజ్రాయెల్‌ది. శత్రు రాడార్ల కిరణాలను పసిగట్టి వాటిని తికమకపెట్టే ‘శక్తి’ వ్యవస్థ హైదరాబాద్‌ది. దాన్ని డీఆర్‌డీఓకు చెందిన డీఎల్‌ఆర్‌ఎల్ రూపొందించింది, భారత్ ఎలక్ట్రానిక్స్ (బీఈఎల్) తయారు చేసింది. ఆ నౌక మనదేనని గర్వపడేవారూ, కన్ను పరాయిదైనప్పుడు మనదెలా అవుతుందని నిలదీసేవారూ చెరో సగం నిజం చెబుతున్నారు.

నాలుగు దశాబ్దాలుగా ఈ వాదన ఇలాగే నడుస్తోంది. అది చిక్కుపడటానికి కారణం ఒకటే: మూడు వేర్వేరు విద్యలను ఒకే గాటన కట్టి ‘కొనాలా, తయారు చేసుకోవాలా’ అని అడగడం. రాడార్ తరంగాన్ని పంపి, దాని ప్రతిధ్వని కోసం ఎదురుచూస్తుంది. వైర్‌లెస్ మనవాళ్లతో మాట్లాడుతుంది. ఎలక్ట్రానిక్ యుద్ధం ఎదుటివాడి రాడార్‌నూ, మాటలనూ వింటుంది, అవసరమైతే వాటిని చెడగొడుతుంది. మూడూ విద్యుదయస్కాంత తరంగాలే. మూడూ ఒకే మాస్ట్ మీద చోటుకోసం పోటీపడతాయి. అయినా వాటి రహస్యం ఎక్కడుంటుందన్నది, ఎంత త్వరగా పాతబడతాయన్నది, అమ్మేవాడి చేతిలో ఎంత మిగిలిపోతుందన్నది మూడింటికీ మూడు రకాలు. కొనుగోలు నిర్ణయాలు తేల్చాల్సింది ఈ తేడాల దగ్గర.

రాడార్ కంటే ముందే జామింగ్

మామూలుగా ఈ చరిత్రను రాడార్‌తో మొదలుపెడతారు. కాలక్రమం అలా లేదు. 1904 ఏప్రిల్‌లో పోర్ట్ ఆర్థర్ రేవు మీద గుళ్లు కురిపిస్తున్న జపాన్ నౌకలకు, గురి ఎటు తప్పుతోందో మరో నౌక వైర్‌లెస్‌లో చెబుతోంది. రేవులోని రష్యన్ ఆపరేటర్లు తమ స్పార్క్ ట్రాన్స్‌మిటర్‌తో ఆ సంకేతాలను చెరిపేశారు. మరుసటి నెలలోనే జర్మనీలోని కొలోన్‌లో క్రిస్టియన్ హుల్స్‌మెయర్ రైన్ నది మీది పడవలను రేడియో ప్రతిధ్వనితో కనిపెట్టే పరికరాన్ని ప్రదర్శించాడు. దాన్ని కొనడానికి ఏ నౌకాదళమూ ముందుకు రాలేదు. 1922లో అమెరికా నౌకాదళ శాస్త్రజ్ఞులు టేలర్, యంగ్ పొటోమాక్ నదిలో వెళ్తున్న ఓడ తమ రేడియో సంకేతాన్ని కదిలించడం గమనించాక కూడా, బ్రిటిష్ నౌక హెచ్‌ఎంఎస్ షెఫీల్డ్ మీదికి రాడార్ రావడానికి 1938 దాకా పట్టింది.

1940 ఫిబ్రవరిలో బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో రాండల్, బూట్ తయారు చేసిన కేవిటీ మ్యాగ్నెట్రాన్ అసలు మలుపు. పది సెంటీమీటర్ల తరంగాలను తగినంత శక్తితో పుట్టించగల ఆ చిన్న పరికరం వల్ల రాడార్ చిన్న నౌకల మీదికీ, విమానాల్లోకీ వచ్చింది. ఆ తరవాత అట్లాంటిక్‌లో జరిగింది ఈ విద్యకు ఇప్పటికీ మొదటి పాఠమే. 1942లో జర్మన్ జలాంతర్గాములు ‘మెటాక్స్’ అనే రిసీవర్ పెట్టుకున్నాయి. బ్రిటిష్ విమానాల మీటరున్నర తరంగాల రాడార్‌ను అది దూరం నుంచే వినేది, విమానం వచ్చేలోపు జలాంతర్గామి మునిగిపోయేది. 1943 మొదట్లో విమానాలు పది సెంటీమీటర్ల రాడార్‌కు మారాయి. మెటాక్స్‌కు ఆ తరంగాలు వినిపించవు. అయినా జర్మన్లు తమ రిసీవరే తమ ఉనికిని బయటపెడుతోందని అనుమానించి దాని వాడకం మీద నిషేధం పెట్టారు. అప్పటికే, ఆ ఏడాది మే నెలలోనే నలభైకి పైగా జలాంతర్గాములను పోగొట్టుకున్నారు. అందులో వాళ్ల సొంత వైర్‌లెస్‌కూ వాటా ఉంది. ఒడ్డుతో అతిగా మాట్లాడటం వల్ల, దిక్కు పసిగట్టే ‘హఫ్-డఫ్’ పరికరాలున్న నౌకలకు అవి తమ జాడ తామే ఇచ్చాయి.

రాడార్ తరంగదైర్ఘ్యం మారితే వినే యంత్రం చెవుడవుతుంది, ఎక్కువ మాట్లాడితే దొరికిపోతారు. ఎనభై ఏళ్ల కిందటి ఈ రెండు సూత్రాలూ ఇంకా మారలేదు.

క్షిపణులు వచ్చాక

1967 అక్టోబరు 21న ఈజిప్టు చిన్న పడవలు ప్రయోగించిన స్టిక్స్ క్షిపణులు ఇజ్రాయెల్ డెస్ట్రాయర్ ఐలాట్‌ను ముంచేశాయి. పెద్ద ఫిరంగులున్న నౌకకు ఇక రక్షణ లేదని లోకమంతా అనుకుంది. ఆరేళ్లకు, 1973 అక్టోబరులో సిరియా రేవు లటాకియా దగ్గర అవే స్టిక్స్ క్షిపణులు ఇజ్రాయెల్ పడవల మీదికి దూసుకొచ్చాయి. ఒక్కటీ తగల్లేదు. ఇజ్రాయెల్ క్షిపణి గాబ్రియేల్ దూరం స్టిక్స్‌లో దాదాపు సగమే. ఆ లోటును జామర్లతో, చాఫ్‌తో పూడ్చుకున్నారు. గాలిలోకి వెదజల్లిన లోహపు పీచు క్షిపణి రాడార్‌కు నౌకలా కనిపిస్తుంది. ఎలక్ట్రానిక్ యుద్ధం అదనపు హంగు కాదని, క్షిపణికి దీటైన ఆయుధమని ప్రతి నౌకాదళమూ గ్రహించింది అప్పుడే.

మధ్యలో 1971లో మన తీరంలోనే మరో రకం పాఠం నడిచింది. పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ వెతుకుతున్నది విమానవాహక నౌక విక్రాంత్‌ను. విక్రాంత్ అండమాన్ వైపు ఉంది. తూర్పు నౌకాదళ అధిపతి వైస్ అడ్మిరల్ ఎన్. కృష్ణన్, విశాఖ దగ్గర ఐఎన్‌ఎస్ రాజ్‌పుత్ చేత విక్రాంత్ స్థాయిలో వైర్‌లెస్ సందేశాలు పంపించి, విక్రాంత్ అక్కడే ఉందన్న భ్రమ కల్పించారు. డిసెంబరు 3–4 రాత్రి విశాఖ రేవు ముందే ఘాజీ మునిగింది. ఎలా మునిగిందన్న దాని మీద భారత్, పాకిస్తాన్ కథనాలు ఇప్పటికీ వేరు. కానీ లేని నౌకను తరంగాలతో సృష్టించడానికి కొత్త యంత్రమేదీ అవసరం రాలేదు. ఎలక్ట్రానిక్ యుద్ధంలో ఎక్కువ భాగం పరికరం కాదు, ప్రణాళిక. కొనుగోళ్ల చర్చలో ఈ మాట తరచుగా మరుగున పడుతుంది.

1982 మే 4న ఫాక్‌లాండ్స్‌లో హెచ్‌ఎంఎస్ షెఫీల్డ్ (1938 నాటి షెఫీల్డ్ పేరే పెట్టుకున్న కొత్త నౌక) ఎగ్జోసెట్ క్షిపణికి బలైంది. ఇరవై మంది చనిపోయారు. ఆ క్షణంలో నౌక ఉపగ్రహం ద్వారా మాట్లాడుతోంది. ఆ ప్రసారపు హోరులో దాని రిసీవర్‌కు దాడికి వస్తున్న విమానం రాడార్ వినిపించలేదు. పక్కనున్న హెచ్‌ఎంఎస్ గ్లాస్గో విని హెచ్చరించింది. అంటే లోపం రాడార్‌లోనూ లేదు, వైర్‌లెస్‌లోనూ లేదు, రిసీవర్‌లోనూ లేదు. మూడూ బాగానే ఉన్నాయి, ఒకదానికొకటి అడ్డుపడ్డాయి. నా దృష్టిలో ఈ చర్చ మొత్తానికి కేంద్రం ఈ సంఘటనే.

మనం నడిచిన దారి

మన నౌకాదళం మొదట బ్రిటిష్ పరికరాలతో బతికింది. అరవయ్యో దశకం నడుమ నుంచి సోవియట్ నౌకలు వచ్చాయి. 1972లో మజగావ్ డాక్ నుంచి వచ్చిన ఐఎన్‌ఎస్ నీలగిరి బ్రిటిష్ లియాండర్ నమూనా. ఆ తరగతిలో తరవాతి నౌకలకు హాలండ్ కంపెనీ సిగ్నాల్ రాడార్లు వచ్చాయి, వాటిని బీఈఎల్ లైసెన్సు మీద తయారు చేయడం నేర్చుకుంది.

1983 డిసెంబరులో చేరిన ఐఎన్‌ఎస్ గోదావరికి రావాల్సినంత పేరు రాలేదు. అందులో సోవియట్ క్షిపణులు, హాలండ్ రాడార్, ఇటలీ నుంచి వచ్చిన పోరాట సమాచార కంప్యూటర్, కొచ్చిలో పుట్టిన ‘అప్సోహ్’ సోనార్ ఉన్నాయి. ఒకరి యంత్రాలతో మరొకరి యంత్రాలను మాట్లాడించే పని ఏ అమ్మకందారూ చేసిపెట్టడు, దాన్ని మనవాళ్లే చేశారు. అప్సోహ్‌కు సారథ్యం వహించిన నౌకాదళ అధికారి ఆరోగ్యస్వామి పాల్‌రాజ్ తరవాత స్టాన్‌ఫర్డ్‌లో మైమో పరిజ్ఞానానికి పునాది వేశారు. ఇవాళ చాలా సెల్‌ఫోన్లలో ఉన్నది అదే. 2014లో ఆయనకు మార్కోనీ బహుమతి వచ్చింది. ఒకే చోట అనేక సంకేతాలను విడదీసి వినే విద్య నౌకలో పనికొచ్చినా, ఫోన్‌లో పనికొచ్చినా మూలం ఒకటే.

ఎలక్ట్రానిక్ యుద్ధంలో డీఎల్‌ఆర్‌ఎల్ ‘అజంతా’తో మొదలై, ‘సంగ్రహ’ కార్యక్రమం కింద నౌకలకు ‘ఎల్లోరా’, జలాంతర్గాములకు ‘పార్పాయిస్’, హెలికాప్టర్లకు ‘కైట్’ వంటి పరికరాలను రూపొందించింది. ఆ వరస ఇప్పుడు ‘శక్తి’ దాకా వచ్చింది. మొదటి విడత పన్నెండు శక్తి వ్యవస్థల ఖర్చు 1,805 కోట్ల రూపాయలు, ఉత్పత్తిలో యాభైకి పైగా చిన్న, మధ్య తరహా సంస్థలు పాల్గొన్నాయి. 2024 మార్చిలో మరో పదకొండింటికి హైదరాబాద్ బీఈఎల్‌తో సుమారు 2,269 కోట్ల కొనుగోలుకు ఆమోదం దొరికింది.

రాడార్ కథ ఇంత సాఫీగా లేదు. 2014 ఆగస్టులో రెండు నౌకలు వారం తేడాతో చేరాయి. ముంబైలో 16న ఐఎన్‌ఎస్ కోల్‌కతా ఇజ్రాయెల్ ఎంఎఫ్-స్టార్‌తో వచ్చింది. విశాఖలో 23న ఐఎన్‌ఎస్ కమోర్తా దేశీయ ‘రేవతి’తో వచ్చింది. మొదటిది వేగంగా వచ్చే క్షిపణులను నిర్విరామంగా వెంటాడి, బరాక్-8 క్షిపణికి దారి చూపే రాడార్. రెండోది తిరిగే యాంటెన్నాతో మధ్యదూరపు నిఘాకు పనికొచ్చేది. రేవతికి మూలమైన రాడార్ రూపకల్పనలో పోలండ్ సహకారం కూడా ఉంది. ఈ రెండింటి మధ్యనున్న దూరమే ఇప్పటికీ మన లోటు.

మూడు వాదాలు

మొదటి వాదం అవసరం వైపు నిలబడుతుంది. నౌక ముప్పై ఏళ్లు సముద్రంలో ఉంటుంది, రేపటి రాడార్ కోసం ఇవాళ్టి నావికుడు ప్రాణం పణంగా పెట్టకూడదు, కాబట్టి ప్రపంచంలో బాగున్నది కొనాలి అంటుంది. టాటా సంస్థ స్పెయిన్ కంపెనీ ఇంద్రాతో కలిసి మన నౌకలకు లాంజా-ఎన్ రాడార్లు అందించడం ఈ దారే. దీన్ని తేలిగ్గా కొట్టిపారేయలేం. ఎంఎఫ్-స్టార్ లేకపోతే కోల్‌కతా తరగతి గగనరక్షణ ఏళ్ల తరబడి ఆగిపోయేది.

రెండో వాదం స్వదేశీ. దీని బలమంతా ఎలక్ట్రానిక్ యుద్ధంలో ఉంది. రిసీవర్‌కు ప్రాణం శత్రు రాడార్ల చిట్టా: ఏ రాడార్ ఏ ఫ్రీక్వెన్సీలో, ఎంత వెడల్పు పల్స్‌తో, సెకనుకు ఎన్నిసార్లు, ఎలా తిరుగుతూ పలుకుతుందన్నది. అది ఏళ్ల తరబడి సముద్రంలో కాచుకుని పోగుచేయాల్సినది, ఏ దేశమూ తన చిట్టాను నిజాయితీగా అమ్మదు. అమ్మినా చిక్కే. ఫాక్‌లాండ్స్‌లో బ్రిటన్ మీదికి వచ్చిన ఎగ్జోసెట్ బ్రిటన్ నౌకల మీద కూడా ఉండేది, అర్జెంటీనా దగ్గర షెఫీల్డ్ తరగతి నౌకలే రెండు ఉండేవి. ఆయుధ వ్యాపారం ఇలా కలగాపులగం చేసిన లోకంలో ఎవరు శత్రువో చెప్పే పట్టిక మన చేత్తో రాసుకున్నదే అయి ఉండాలి.

మూడో వాదానికి గొంతు తక్కువ. యంత్రాలు ఎక్కడివైనా సరే, వాటిని కలిపే సాఫ్ట్‌వేర్, సంకేత భాష, కూర్పు మనవై ఉండాలంటుంది. దీని మూలపురుషుడు గోదావరి నౌక. బయటి నుంచి రాడార్ వచ్చినా, దాని సమాచారం ఎటు పోవాలో, జామర్ ఎప్పుడు మోగాలో నిర్ణయించేది మనమైతే పరాధీనత సగం తగ్గుతుంది.

ఈ మూడింటినీ మూడు విద్యలతో పక్కపక్కన పెట్టి చూస్తే కొంత తేటపడుతుంది. రాడార్‌లో రహస్యం ఎక్కువ భాగం పదార్థంలో, సర్క్యూట్‌లో ఉంది. దాన్ని కొనవచ్చు, కానీ ఆధారపడటం తప్పదు. ఎలక్ట్రానిక్ యుద్ధంలో రహస్యం చిట్టాలో, అల్గారిథంలో ఉంది. దాన్ని కొనలేం. వైర్‌లెస్‌ది విచిత్రమైన స్థితి: అది పూర్తిగా మనదైతే మిత్రులతో మాట్లాడలేం, పూర్తిగా మిత్రులదైతే రహస్యం దక్కదు. 2018 సెప్టెంబరులో అమెరికాతో కామ్‌కాసా ఒప్పందం కుదిరాక వాళ్ల రహస్య సంభాషణ పరికరాలు మన నౌకాదళానికి అందుబాటులోకి వచ్చాయి. 2024 అక్టోబరులో విశాఖ దగ్గర మిత్రదేశాలతో జరిగిన మలబార్ విన్యాసాల వంటి వాటికి అవి ఉపయోగమే. కానీ సొంత నౌకల మధ్య మాటకు దారి వేరుగా ఉండాలి. డెహ్రాడూన్‌లోని డీల్ వంటి ప్రయోగశాలలు నౌకాదళంతో కలిసి రూపొందించిన సాఫ్ట్‌వేర్ రేడియోల కోసం 2021 ఫిబ్రవరిలో వెయ్యి కోట్లకు పైగా ఒప్పందం చేసుకోవడం ఆ దిశలో సరైన అడుగు. ఉపగ్రహాల్లోనూ ఇదే కదలిక: 2013 ఆగస్టులో నౌకాదళ ఉపగ్రహం ‘రుక్మిణి’ ఫ్రెంచ్ గయానా నుంచి ఏరియన్ రాకెట్‌తో వెళ్లింది. 2025 నవంబరు 2న సీఎంఎస్-03, 4,410 కిలోల బరువుతో, శ్రీహరికోట నుంచే వెళ్లింది.

కాబట్టి స్వదేశీ వాదం అన్నిటికీ సమానంగా వర్తించదనీ, దిగుమతి వాదం ఎలక్ట్రానిక్ యుద్ధం గడప దాటరాదనీ నా అభిప్రాయం.

దామగుండం: నేల మీది తగవు

నౌకా వైర్‌లెస్ గురించి తెలంగాణలో పెద్ద బహిరంగ చర్చే జరిగింది. వికారాబాద్ జిల్లా దామగుండం అడవిలో సుమారు 2,900 ఎకరాల్లో, జలాంతర్గాములకు సందేశాలు పంపే వీఎల్‌ఎఫ్ (అతి తక్కువ ఫ్రీక్వెన్సీ) కేంద్రానికి 2024 అక్టోబరు 15న రక్షణ మంత్రి శంకుస్థాపన చేశారు. అంచనా వ్యయం 3,200 కోట్లు. 1990 నుంచి తమిళనాడులోని తిరునల్వేలి జిల్లాలో ఐఎన్‌ఎస్ కట్టబొమ్మన్ ఇదే పని చేస్తోంది. ఇది రెండోది.

సముద్రానికి ఇంత దూరంలో ఎందుకన్న ప్రశ్నకు భౌతికశాస్త్రంలో జవాబుంది. ఉప్పునీరు రేడియో తరంగాలను మింగేస్తుంది. 3 నుంచి 30 కిలోహెర్ట్జ్ తరంగాలు మాత్రం కొన్ని పదుల అడుగుల లోతుకు దిగుతాయి. వాటి తరంగదైర్ఘ్యం పది నుంచి వంద కిలోమీటర్లు. అందుకే యాంటెన్నా ఎకరాలకు ఎకరాలు పరుచుకుంటుంది. అవి వేల కిలోమీటర్లు ప్రయాణిస్తాయి కనుక కేంద్రం తీరంలోనే ఉండాల్సిన పని లేదు. మాట ఒకవైపే: జలాంతర్గామి వింటుంది, బదులు చెప్పలేదు. విశాఖలో నిర్మించిన అరిహంత్, 2024 ఆగస్టులో చేరిన అరిఘాత్ వంటి అణు జలాంతర్గాములకు ఆదేశం అందాలంటే ఇలాంటి మార్గం కావాలి.

వ్యతిరేకించినవారి ప్రశ్నలూ అంతే బలమైనవి. మూసీ పుట్టే కొండల పక్కనున్న అడవి, ఊళ్ల పశువుల మేత, పాత ఆలయానికి దారి. ఒకే చోట స్థిరంగా ఉన్న పెద్ద యాంటెన్నా యుద్ధంలో మొదటి గురి అవుతుందన్న వాదన కూడా కొట్టేయదగ్గది కాదు. అమెరికా ఈ-6 విమానాలు పొడవాటి తీగను వేలాడదీసి గాలిలోంచే ఈ తరంగాలను పంపగలవు. దేశానికి ఈ మార్గం అవసరమని నేను నమ్ముతాను. అవసరం ఉన్నంత మాత్రాన అడవికి జరిగే నష్టం లెక్కను బయటపెట్టక్కర్లేదని మాత్రం ఒప్పుకోను. గాలిలోంచి పంపే దారినీ భూమి మీది దారినీ పోల్చి చూపి ఉంటే చర్చ ఇంత చేదుగా మారేది కాదు.

తేలాల్సినవి

మొదటిది పదార్థం. కొత్త తరం రాడార్లకు, జామర్లకు గాలియం నైట్రైడ్ చిప్ ప్రాణం. 2023 అక్టోబరులో చేరిన అమెరికా డెస్ట్రాయర్ జాక్ హెచ్. లూకస్ రాడార్ ఎస్‌పీవై-6 దాని మీదే నడుస్తుంది. మనకు హైదరాబాద్‌లోని గేటెక్‌లో అంతకుముందు తరం గాలియం ఆర్సెనైడ్ చిప్‌ల అనుభవం ఉంది, ఆస్ట్రా మైక్రోవేవ్ వంటి సంస్థలకు రాడార్ మాడ్యూళ్లు చేసే చెయ్యి ఉంది. 2024లో డీఆర్‌డీఓ నాలుగు అంగుళాల సిలికాన్ కార్బైడ్ పలకలను, ఎక్స్-బ్యాండ్‌లో 40 వాట్ల దాకా ఇచ్చే గాలియం నైట్రైడ్ చిప్‌లను తయారు చేసే పద్ధతి సిద్ధమైందని ప్రకటించింది. ప్రయోగశాల నుంచి నౌకకు సరిపడా సంఖ్యలో ఉత్పత్తి దాకా వెళ్లడం వేరే యుద్ధం.

రెండోది తరంగాల స్థలం. నౌకల నిఘా రాడార్లలో చాలా భాగం 2–4 గిగాహెర్ట్జ్ ఎస్-బ్యాండ్‌లో పనిచేస్తాయి. 2022లో 5జీ కోసం వేలం వేసిన 3,300–3,670 మెగాహెర్ట్జ్ ఆ బ్యాండ్‌లోనే ఉంది. విశాఖ, ముంబై వంటి నగరాలను ఆనుకునే మన రేవులున్నాయి. తీరంలో ఎవరు ఎక్కడ, ఎంత శక్తితో పలకాలన్నది నౌకాదళం ఒక్కటే నిర్ణయించలేని విషయం.

మూడోది చిట్టా భవిష్యత్తు. సాఫ్ట్‌వేర్ రాడార్లు శాంతికాలంలో ఒక గొంతుతో, యుద్ధంలో మరో గొంతుతో పలకగలవు. పదేళ్లు కాచుకుని పోగుచేసిన పట్టిక తొలిరోజే చెల్లకపోవచ్చు. యంత్రమే కొత్త సంకేతాన్ని అక్కడికక్కడ అర్థం చేసుకుని జామింగ్ మార్చాలన్న ఆలోచన అన్ని దేశాల్లోనూ నడుస్తోంది. పొరపాటున పౌర విమానాన్నో, మిత్ర నౌకనో శత్రువుగా చదివితే బాధ్యత ఎవరిదన్నది ఎవరూ తేల్చలేదు.

నాలుగోది, నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచేది, కలయిక. మన రాడార్ ప్రయోగశాల ఎల్‌ఆర్‌డీఈ బెంగళూరులో, వైర్‌లెస్ ప్రయోగశాల డెహ్రాడూన్‌లో, ఎలక్ట్రానిక్ యుద్ధ ప్రయోగశాల హైదరాబాద్‌లో ఉన్నాయి. నౌక మీద మాత్రం వాటి యంత్రాల మధ్య దూరం కొన్ని మీటర్లే. షెఫీల్డ్‌ను ముంచిన జబ్బు ఆ కొన్ని మీటర్లలోనే పుట్టింది. కలిసి పనిచేయగలరని 2021 ఆగస్టులో నౌకాదళం కొన్న డ్రోన్ నిరోధక వ్యవస్థ చూపించింది. అందులో ఎల్‌ఆర్‌డీఈ రాడార్, డెహ్రాడూన్‌లోని మరో ప్రయోగశాల కెమెరా, డీఎల్‌ఆర్‌ఎల్ జామర్, హైదరాబాద్‌లోని చెస్ ప్రయోగశాల లేజర్ ఒకే పని మీద కూడాయి. అది చిన్న వ్యవస్థ. పూర్తి యుద్ధనౌకకు అదే పని ఇంకా జరగాలి.

2024 నవంబరు 15న టోక్యోలో భారత్, జపాన్ ‘యూనికార్న్’ మాస్ట్‌ను కలిసి రూపొందించడానికి ఒప్పందం చేసుకున్నాయి. జపాన్ మొగామి తరగతి నౌకల మీద ఉన్న ఆ మాస్ట్ అనేక యాంటెన్నాలను ఒకే గొట్టంలో ఇముడుస్తుంది. మన వైపు పని బీఈఎల్‌ది. నౌక శత్రు రాడార్‌కు చిన్నగా కనిపించడానికీ, యాంటెన్నాలు ఒకదానికొకటి అడ్డుపడకుండా ఉండటానికీ ఇది మంచి ఆలోచన. అయితే ఒప్పందం ముందుకు సాగే కొద్దీ తేల్చాల్సిన పని ఒకటుంది: ఏ యాంటెన్నా ఏ క్షణాన మాట్లాడాలి, ఏది వినాలి, ఏది మౌనంగా ఉండాలి అని నిర్ణయించే సాఫ్ట్‌వేర్‌ను ఎవరు రాస్తారు, హైదరాబాద్ చిట్టాను అందులో ఎవరి కంటా పడకుండా ఎలా పెడతారు అన్నది. ఆ గొట్టాన్ని మొదటి భారతీయ నౌక మీద బిగించేలోపే దీన్ని రాతపూర్వకంగా ఖాయం చేసుకోవాలి.